ఒడియా నోటీసులు, వీడియో సబ్‌టైటిళ్ళు: ట్రాన్స్‌లేట్ వాడేవాళ్ళకి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి సభ్యులకి నమస్కారం.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020 నుంచీ ఉంది, కాబట్టి తహసీల్ నోటీసుని చాలామటుకు మీరే చదువుకోవచ్చు. కాగితం ముడతల్లేకుండా పరిచి, నీడ పడకుండా ఫోటో తీయండి. చేతిరాతని నమ్మొద్దు. తేదీలు, ఖాతా, ప్లాట్ నంబర్లు అసలు కాగితంతో సరిచూసుకోవాల్సిందే. ఒడియా క్రియకి ఆడా మగా తేడా లేదు. అందుకే తెలుగులోకొచ్చేసరికి అత్తగారు కాస్తా ‘వచ్చాడు’ అయిపోతారు!

ట్రాన్స్‌లేట్ మైకులో మాట్లాడేటప్పుడు మన అలవాటుకొద్దీ రెండు భాషలూ కలిపేయకండి. ఎంచుకున్న భాషలోనే, పొట్టి వాక్యాలు చెప్పండి.

ఎక్కువగా చెడేది సబ్‌టైటిళ్ళ ఎస్సార్టీ (.srt) ఫైలు. అందులో వరస నంబరు, టైము లైను, మాటలు ఉంటాయి. మాటలు మాత్రమే అనువదించాలి. టైము లైన్లో అంకెలు ఒడియాలోకి మారినా, బాణం గుర్తు (-->) విరిగినా ప్లేయర్ ఆ సబ్‌టైటిల్‌ని చూపించదు. ఒకే వాక్యం రెండు ముక్కలుగా ఉంటే ముందు కలపండి. మన క్రియ చివర్లో వస్తుంది కదా, సగం వాక్యానికి మెషీన్ ఏదో ఒకటి ఊహించేస్తుంది. ట్రాన్స్‌లేట్ వెబ్‌లో ఒకసారికి 5,000 అక్షరాలే పడతాయి, పెద్ద ఫైలైతే సబ్‌టైటిళ్ళ మధ్య ఖాళీ లైను దగ్గరే తెంపండి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.