ఫోను పక్కన పెట్టిన పిల్లవాణ్ణి కాస్త వదిలేయండి

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షల మార్కుల గురించి తరగతి ఉపాధ్యాయులు మీతో విడిగా మాట్లాడతారు. ఈ ఉత్తరం వేరే సంగతి గురించి.

"మావాడికి ఫోనులో ఆటలంటే మొహం మొత్తిందండీ, ఊరికే కూర్చుంటున్నాడు, ఏమైనా జబ్బేమో" అని ఈ మధ్య కొందరు తల్లులు నా గదికి వచ్చి చెబుతున్నారు. జబ్బేమీ కాదు, సంతోషించండి. ఈ ఆటలకు ముగింపంటూ ఉండదు. రోజూ తెరిస్తే ఒక బహుమతి, ఒక్కరోజు తప్పిందా లెక్క మళ్లీ మొదటికి. ఆ లెక్క పూర్తయ్యేలోగా కొత్త సీజన్, అంటే మళ్లీ కొత్త బహుమతుల వరుస. ఎనిమిదో తరగతి పిల్లలను కదిపి చూస్తే, చాలామంది ఆడుతున్నది సరదాకు కాదు, కూడబెట్టింది పోతుందన్న బెంగతో. పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు తెరవకపోతే ఆ బెంగ దానంతటదే తీరిపోతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను చేర్చిన వ్యాధుల వర్గీకరణ 2022లో అమల్లోకి వచ్చింది. అలాగని గంటసేపు ఆడిన ప్రతివాడికీ ఆ పేరు తగిలించకండి. ఆటను అదుపులో పెట్టుకోలేక చదువు, ఇల్లు, స్నేహాలు దెబ్బతినడం సాధారణంగా 12 నెలలపాటు కనిపిస్తేనే వైద్యులు దాన్ని రుగ్మత అంటారు. పిల్లవాడి తీరు మరీ కలవరపెడుతుంటే మాత్రం అంతకాలం ఆగక వైద్యుణ్ణి కలవండి.

నా ఫిర్యాదు మరొకటి. ఫోను పక్కన పెట్టిన మర్నాడే పిల్లవాణ్ణి అబాకస్‌లోనో, కీబోర్డు వాయించడంలోనో, చదరంగం కోచింగ్‌లోనో చేర్చేస్తున్నారు. గుకేశ్ మన చెన్నై బిడ్డే, తెలుగింటి వాడే, 2024లో 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నిజమే. అందుకని ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఇంకో గుకేశ్ తయారు కానక్కరలేదు. పిల్లవాడికి కొన్నాళ్లు ఏమీ తోచకూడదు. తోచనప్పుడే వాడు చుట్టూ చూస్తాడు.

మొన్న వర్షానికి మైదానం బురదై, ఏడో తరగతి పిల్లలు వరండాలో చిక్కుకుపోయారు. ఒకమ్మాయి సుద్దముక్కతో నేలమీద పులి-మేక గీసింది, వాళ్ల అమ్మమ్మ నేర్పిందట. పులులకు మూడు సీసా మూతలు, మేకలకు పదిహేను చింతపిక్కలు. తమిళ పిల్లలకూ ఈ ఆట తెలుసు కాబట్టి ఎవరికీ నేర్పనక్కరలేకపోయింది. మేకలవైపు ఆడేవారు తొందరపడి గుంపు విడదీస్తే పులి దూకేస్తుంది, ఓపిగ్గా వెనకాల చోటు మూసుకుంటూ వస్తే మూడు పులులూ కదల్లేక నిలిచిపోతాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేనూ రెండోసారి కొట్టించలేదు. (గణితం మాస్టారు నన్ను క్షమించాలి.)

సెలవుల్లో పిల్లలను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లండి, శుక్రవారం మాత్రం సెలవు. అక్కడి అమరావతి స్తూపం శిల్పాలు మనకింత దగ్గర్లో ఉన్నా, చూడని తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో బోలెడు. పెద్ద పిల్లలకైతే తాబేళ్ల నడక. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. 1988 నుంచి విద్యార్థి కార్యకర్తల బృందమొకటి రాత్రిళ్లు నీలాంగరై, బెసెంట్ నగర్ ఇసుకలో నడిచి, ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి కంచె వేసిన చోట పాతిపెడుతోంది. ఒక్కో గూట్లో నూరు దాకా గుడ్లుంటాయి. చాలా రాత్రులు తాబేలు కనిపించదు. కనిపించకపోయినా పిల్లలు మళ్లీ వెళ్దామనే అంటారు.

తాబేళ్ల నడకకు తొమ్మిది, పది తరగతుల నుంచి రాదలచినవారు పేర్లు ఈ నెలాఖరులోగా ఆఫీసులో ఇవ్వాలి, వెంట ఇంట్లోవారు ఒకరు తప్పనిసరి. జనవరి నుంచి శనివారం ఆఖరి పీరియడ్ పులి-మేక లాంటి బల్లాటలకే. బోర్డులు కొని పంపవద్దు, చింతపిక్కలు చాలు. ఆటలు తెలిసిన అమ్మమ్మలు, తాతయ్యలు ఆ పూట వస్తే కుర్చీలు వేయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
చెన్నై