రెండు నిమిషాల కబురు

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "వారం రోజులు ఆ షుగర్ మాత్రలు ఆపి చూశాన్రా, ఏమీ తేడా తెలియలేదు" అన్నావు. ఆ వెంటనే లైన్ కట్ అయింది. మళ్లీ చేద్దామనుకున్నాను గానీ, ఇది ఫోన్లో అయిదు నిమిషాల్లో తేలే సంగతి కాదు. నువ్వు తీరిగ్గా కూర్చుని చదువుకోవాలి. అందుకే కాగితం తీశాను. చదివే ముందు ఒక్క పని చెయ్యి. మీ డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆపేసిన సంగతి దాచకుండా చెప్పి, ఆయన ఎలా అంటే అలా మళ్లీ మొదలుపెట్టు.

ఇంకో మాట కూడా అన్నావు. మీ బావగారు పదిమందిలో "చిన్నప్పట్నుంచీ కాజాలు, పూతరేకులు లాగించావుగా, అనుభవించు" అన్నారని. నీ గొంతు అక్కడ కాస్త వణికింది, నేను గమనించాను. అలాంటి మాటలు నా ల్యాబులో రోజూ వింటాను. రిపోర్టు చేతిలో పట్టుకుని తప్పు చేసినవాళ్లలా తలదించుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. 2023లో ఐసీఎంఆర్, అదే భారత వైద్య పరిశోధన మండలి, వాళ్ల అధ్యయనం వచ్చింది, మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని. ఇంతమందికీ కాజాలే కారణమా? వంశం, బరువు, కదలకుండా కూర్చునే ఉద్యోగం, నిద్ర, ఇవన్నీ కలిస్తే వస్తుంది. తీపి తగ్గించడం అవసరమే, కాదనను. కానీ నీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే ఆ మాటకి నువ్వు అంత కుంగిపోవు.

నేను రోజూ చేసే పని ఒకటి చెప్తాను. పొద్దున్న ఏడింటికి ల్యాబు తెరవగానే గ్లూకోజ్ టెస్టుకి వచ్చేవాళ్లుంటారు, ఎక్కువగా కడుపుతో ఉన్న ఆడపిల్లలు. గ్లాసుడు నీళ్లలో 75 గ్రాముల గ్లూకోజ్ కలిపి, ఒక నిమ్మచెక్క పిండి ఇస్తాను. తెల్లగా, అడుగున కాస్త మందంగా ఉంటుంది, చెంచాతో బాగా తిప్పాలి. మూడో గుక్కకే మొహం చిట్లిస్తారు. అయిదు నిమిషాల్లో తాగెయ్యమ్మా, వాంతి చేసుకోకూడదు, రెండు గంటలు ఇక్కడే కూర్చోవాలి అని చెప్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే మాట.

ఇప్పుడు నువ్వు చెప్పు. అదే గ్లూకోజ్‌ని నోటితో తాగించకుండా సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కించామనుకో. రక్తంలో చక్కెర రెండు సందర్భాల్లోనూ సరిగ్గా ఒకే ఎత్తుకి వచ్చేలా చూశామనుకో. క్లోమం, అదే పాంక్రియాస్, రెండుసార్లూ ఒకే మోతాదులో ఇన్సులిన్ విడుదల చెయ్యాలి కదా? అలా చెయ్యదు. నోటితో తాగినప్పుడు చాలా ఎక్కువ వస్తుంది. 1964లోనే దీన్ని కొలిచి చూపించారు. అంతకు నాలుగేళ్ల ముందు న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఒక వెటరన్స్, అంటే మాజీ సైనికుల, ఆసుపత్రిలో రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే ఇద్దరు రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు కాబట్టి అది సాధ్యమైంది. యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. మా లాంటి ల్యాబు వాళ్లకి ఆవిడంటే ప్రాణం.

నోటితో తిన్నది పేగు గుండా పోతుంది. నరంలోకి ఎక్కించినది పోదు. అంటే పేగే క్లోమానికి ముందుగా కబురు పంపుతోందన్నమాట, "అన్నం వస్తోంది, సిద్ధంగా ఉండు" అని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో గ్లూకోజ్ తాగాక వచ్చే ఇన్సులిన్‌లో సగం, ఒక్కోసారి అంతకు పైగా, ఈ కబురు వల్లే వస్తుంది. పేగు అంటే తిన్నది అరిగించే గొట్టం అనే అనుకుంటాం. అది ఇంత పెద్ద హార్మోన్ల కర్మాగారం అని నాకు కూడా చదువుకునే రోజుల్లో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నిజానికి హార్మోన్ అనే మాట పుట్టిందే పేగు దగ్గర. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే బావా బావమరుదులు ఒక కుక్క చిన్నపేగు ముక్కకి ఉన్న నరాలన్నీ (సెలైన్ ఎక్కించే రక్తనాళాలు కాదు, మెదడు కబుర్లు మోసే నాడులు) కోసేసి, అందులో ఆమ్లం పోశారు. నరాల సంబంధం లేకపోయినా క్లోమం నుంచి జీర్ణరసం వచ్చింది. పేగు లోపలి పొరని గీకి, నూరి, వడగట్టి రక్తనాళంలోకి ఎక్కిస్తే మళ్లీ వచ్చింది. కబురు నరం గుండా కాదు, రక్తం గుండా పోతోందని తేలింది. మూడేళ్ల తర్వాత స్టార్లింగ్ ఇలాంటి వాటికి హార్మోన్ అని పేరు పెట్టాడు. ఇన్సులిన్ చేతికి వచ్చింది 1921లో, అంటే దానికి చాలా ముందే పేగు సంగతి తెలుసు. తర్వాత మధ్యలో దాన్ని దాదాపు మరిచిపోయారు.

ఇప్పుడు నీ మాత్ర దగ్గరికి వస్తాను. క్లోమానికి ఇన్సులిన్ గురించి కబురు తీసుకెళ్లే పేగు హార్మోన్లు ముఖ్యంగా రెండు. చిన్నపేగు మొదట్లో ఉండే కణాల నుంచి వచ్చేది జీఐపీ. ఎక్కువగా కింది భాగంలో ఉండే కణాల నుంచి వచ్చేది జీఎల్‌పీ-1. ఈ రెండోది ఒక్క క్లోమంతోనే మాట్లాడి ఊరుకోదు. కాలేయాన్ని చక్కెర వదలమని చెప్పే గ్లూకగాన్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుంది. పొట్టలోంచి అన్నం పేగులోకి జారే వేగాన్ని నెమ్మది చేస్తుంది. మెదడుకి "ఇక చాలు" అని చెప్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్ ఇమ్మంటుంది. చక్కెర మామూలుకి రాగానే ఊరుకుంటుంది. అందుకే ఈ దారిలో పనిచేసే మందులు ఒంటరిగా వాడినప్పుడు షుగర్ డౌన్ అయ్యి పడిపోవడం అరుదు.

ఇంత మంచి కబురుకి ఆయుష్షు ఎంతో తెలుసా? రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో అంతటా ఉంటుంది. జీఎల్‌పీ-1 పేగు నుంచి బయటపడీ పడగానే దాని కొసని కత్తిరించేస్తుంది. రెండు నిమిషాల్లో సగం పైగా పనికిరాకుండా పోతుంది.

నీ చీటీలో విల్డాగ్లిప్టిన్ 50, మెట్‌ఫార్మిన్ 500 అని ఉంది కదా? ఆ గ్లిప్టిన్ చేసే పని ఆ ఎంజైమ్ చెయ్యి పట్టుకుని ఆపడం. అంతే. నీ పేగు తయారుచేసుకున్న నీ సొంత హార్మోన్‌నే ఇంకొంచెం సేపు బతకనిస్తుంది. బయటనుంచి ఏదో బలవంతం చెయ్యదు కాబట్టి నీకు వేసుకున్నట్టే తెలియదు. ఒళ్లు తూలదు, ఆకలి విపరీతంగా వెయ్యదు. తేడా తెలియలేదు అన్నావే, తెలియకపోవడమే దాని మంచితనం. పైగా నువ్వు ఇంట్లో మిషన్‌తో చూసుకున్నది పొద్దున్న పరగడుపున ఒక్కటే. ఈ కబురు పనంతా ఎక్కువగా భోజనం చేశాక. తిన్న రెండు గంటలకి చూసుకో, అక్కడ కనిపిస్తుంది. ఇంకోటి, అది రెండు మందులు కలిపిన మాత్ర. అది ఆపితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపినట్టే రా.

ఖరీదు మాట కూడా ఎత్తావు. విల్డాగ్లిప్టిన్ పేటెంట్ 2019 డిసెంబర్‌లో అయిపోయాక మన దేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. మీ డాక్టరు గారిని అడిగితే అదే మందు తక్కువ ధరలో దొరికేది రాస్తారు. డబ్బు కోసం మాత్రం ఆపకు. నాతో చెప్పు.

షుగర్ వచ్చినవాళ్లలో ఈ కబురు ఏమవుతుందో 1986లో జర్మనీలో నౌక్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్లు చూపించారు. నోటితో తాగినా నరంలోకి ఎక్కించినా ఇన్సులిన్‌లో పెద్ద తేడా రావడం లేదు. పేగు చెప్తూనే ఉంది, క్లోమానికి సరిగ్గా వినపడటం లేదు. ముఖ్యంగా జీఐపీ మాట. జీఎల్‌పీ-1 మాటని మాత్రం కాస్త గట్టిగా చెప్తే ఇప్పటికీ వింటుంది. ఈ చెవుడు కూడా చాలామటుకు షుగర్ వచ్చాక ఏర్పడేదే అని ఆధారాలు చెప్తున్నాయి. మీ బావగారికి ఈ ముక్క చదివి వినిపించు.

ఆ గట్టిగా చెప్పడమే, నాకు కూడా అవసరమా అని ఫోన్లో నువ్వు అడిగిన ఇంజెక్షన్ చేసే పని. దాని కథ బాగుంటుంది. అమెరికా నైరుతిలోని ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అని విషపు బల్లి ఉంది, మన ఉడుము కంటే పొట్టిగా, ఒంటినిండా పూసలు కుట్టినట్టుంటుంది. దాని విషంలో జాన్ ఎంగ్ అనే డాక్టరుకి ఒక పదార్థం దొరికింది. అది సగానికి పైగా మన జీఎల్‌పీ-1 లాగే ఉంది, కానీ ఆ కత్తిరించే ఎంజైమ్‌కి లొంగదు. ఆయన పనిచేసిందీ యాలో పనిచేసిన ఆ బ్రాంక్స్ ఆసుపత్రిలోనే. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌కి 2005లో అమెరికాలో అనుమతి దొరికింది. తర్వాత లిరాగ్లూటైడ్, వారానికొకటి వేసుకునే సెమాగ్లూటైడ్, జీఐపీ పని కూడా చేసే టిర్జెపటైడ్ వచ్చాయి.

వీటన్నిటికీ మూలమైన జీఎల్‌పీ-1లో అసలు పనిచేసే ముక్క ఏదో బోస్టన్‌లో 1980ల్లో కష్టపడి తేల్చినవాళ్లలో స్వెత్లానా మోయ్‌సోవ్ అనే ఆవిడ ఒకరు. చాలా ఏళ్లు ఆవిడ పేరు ఎవరూ పెద్దగా ఎత్తలేదు. 2024లో వైద్య పరిశోధనకి ఇచ్చే లాస్కర్ అనే పెద్ద బహుమతి ఇచ్చినప్పుడు, ఇదే హార్మోన్ మీద పనిచేసిన హేబెనర్, నుడ్సెన్‌లతో పాటు ఆవిడ పేరు కూడా చూసి నాకు ఎంత సంతోషం వేసిందో. ల్యాబు బల్లల దగ్గర నిలబడి ట్యూబులు కడిగినవాళ్లకి అది అర్థమవుతుంది.

నీకు ఆ ఇంజెక్షన్ అవసరమా అంటే, అది మీ డాక్టరు గారు చెప్పాలి. ఫోన్లో వచ్చే వీడియోలు చూసి కొనకు. వికారం, వాంతులు చాలామందికి వస్తాయి. బరువుతో పాటు కండ కూడా కొంత కరుగుతుంది, ఆపేస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. క్లోమం వాచిన చరిత్ర ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా ముందే చెప్పాలి.

నీ చేతిలో ఉన్న పని ఒకటుంది, తినే వరస. 2015లో న్యూయార్క్‌లో షుగర్ ఉన్న 11 మందితో చిన్న అధ్యయనం చేశారు. ఒకే భోజనం, కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె తర్వాత తిన్నరోజు చక్కెర బాగా తక్కువ పెరిగింది. పదకొండు మందే కాబట్టి నేను ఇంట్లో అమ్మతో చేసి చూశాను. ఒక శనివారం రోజూ తిన్నట్టే పప్పన్నంతో మొదలుపెట్టింది. మర్నాడు ఆదివారం ముందు ఒక గిన్నె బీరకాయ కూర, ఉడికించిన గుడ్డు తిని, పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాక అదే అన్నం, అదే పప్పు. రెండు గంటలకి శనివారం 204, ఆదివారం 171. ఒక్కరోజు లెక్కని పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు, కానీ అమ్మ ఆ తర్వాత తనే కూర గిన్నె ముందు దగ్గరికి లాక్కుంటోంది. "వట్టి కూర తినడమేంట్రా" అని మొదటి రోజు సణిగింది, ఇప్పుడు ఉప్పు తగ్గించి వండుకుంటోంది. నువ్వు కూడా చేసి చూడు, రెండు రోజుల అంకెలూ రాసి నాకు పంపు.

సంక్రాంతికి వస్తావుగా. నీ మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, నేనే చూస్తాను. దానికి పరగడుపున ఉండక్కర్లేదు, టిఫిన్ చేసే రా. అమ్మ నీ కోసం పెసరట్లు వేస్తానంటోంది. మాత్రలు మాత్రం జేబులో పెట్టుకు రా.

నీ
సత్తిబాబు