లైటర్ నా దగ్గరే ఉంది

అమ్మలూ,

నువ్వు బస్సెక్కాక నీ గది ఊడుస్తుంటే మంచం కింద లైటర్ దొరికింది. ఆకుపచ్చది. నాన్నకి చెప్పలేదు, చెప్పను కూడా. ఫోన్లో అడిగితే నువ్వు "ఫ్రెండ్‌ది" అంటావు, నేను గొంతు పెంచుతాను. అందుకే ఉత్తరం.

మా అమ్మమ్మ చుట్ట తాగేది, అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టి పెదాలు మూసుకుని, రెండు చేతులా బట్టలు ఉతికేది. అప్పట్లో శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళకి అది వింతేం కాదు. ఆవిడ ఆవలించినప్పుడు చూసేదాన్ని, అంగిలి తెల్లగా, గరుగ్గా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అలాంటివాళ్ళకి అంగిట్లోనే కేన్సర్ వచ్చేది. కారణం వెతకక్కర్లేదు, నిప్పు అక్కడే ఉంది మరి.

పెద్దమ్మ సంగతి వేరు. జన్మలో చుట్ట ముట్టలేదు, ఊపిరితిత్తుల్లో కేన్సర్ వచ్చింది. "పొగ తాగకుండా ఎలా వస్తుందమ్మా" అని నువ్వడిగితే "ఖర్మ" అనేశాను. 30 ఏళ్ళు జువాలజీ చెప్పినదాన్ని, ఆ జవాబుకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ జబ్బొచ్చిన ఆడవాళ్ళలో పొగ తాగనివాళ్ళ వాటా మగవాళ్ళలో కంటే బాగా ఎక్కువ, మన ఆసియాలో మరీను. కట్టెల పొయ్యి ఒక అనుమానం, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఇంకో అనుమానం. ఊపిరితిత్తుల కణాల్లోనూ దాన్ని అందుకునే రిసెప్టర్లున్నాయి, ముఖ్యంగా బీటా రకం. అసలు తిరకాసు మాత్రం ఒళ్ళు దాన్ని విరగ్గొట్టేటప్పుడు. సీవైపీ1ఏ1 అనే ఎంజైమ్ 2-హైడ్రాక్సీ దారి పట్టిస్తుంది, అది పెద్దగా గొడవ చెయ్యదు. సీవైపీ1బీ1 పట్టించే 4-హైడ్రాక్సీ దారే చెడ్డది. ఆ దారిలో తయారైన ముక్క క్వినోన్ అనే చురుకైన రసాయనంగా మారి డీఎన్‌ఏకి అతుక్కుంటే, అతుక్కున్న చోట అక్షరం ఊడిపోతుంది. తడిసి అంటుకున్న నోట్సు పేజీలు విడదీస్తే సిరా లేచొచ్చేస్తుందే, అలా. ఆ ముక్క క్వినోన్ కాకముందే దానికి మిథైల్ అనే చిన్న తోక తగిలించి కోరలు పీకే ఎంజైమూ ఒకటుంది, ఆ పని అందరి ఒంట్లోనూ ఒకే జోరుగా జరగదు.

సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ లాంటి విషాలు ఈ సీవైపీ ఎంజైములని నిద్రలేపుతాయి. తను మోసుకొచ్చిన విషం చాలనట్టు, నీ ఒంట్లోని హార్మోన్‌ని కూడా ఆ చెడ్డ దారిన తోలుతుందన్నమాట. కట్టెల పొగలోనూ అదే బెంజోపైరీన్. పెద్దమ్మకి ఇదే జరిగిందని చెప్పలేను, ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడం ఎవరి తరమూ కాదు.

అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని ఒక పెద్ద పరిశోధన, అందులో ముట్లుడిగిన 16,608 మందిలో దాదాపు సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపిన మాత్ర, మిగతావాళ్ళకి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2002లో ఆపేశారు. 2009లో లెక్క చూస్తే, ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయినవాళ్ళు మందు వైపు 73, ఉత్తుత్తి మాత్ర వైపు 40. జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళ సంఖ్యలో మాత్రం గట్టి తేడా తేలలేదు. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్ళలో చావుల తేడా కూడా కనపడలేదు. ఇంకొన్ని పరిశీలనల్లో హార్మోన్లు వాడినవాళ్ళకే జబ్బు తక్కువ! కాబట్టి వాట్సాప్‌లో ఏదో చదివి, పీసీఓడీకి ఇచ్చిన హార్మోన్ మాత్రలు నీ అంతట నువ్వు మానెయ్యకు.

డాక్టరమ్మకి మాత్రం సిగరెట్ సంగతి చెప్పు. ఆ మాత్రలేసుకుంటూ పొగ తాగితే రక్తనాళాలకి ముప్పు, వయసు పెరిగేకొద్దీ మరీనూ. దానికి కొత్త పరిశోధనేం అక్కర్లేదు. నాతో అబద్ధమాడినా ఆవిడతో ఆడకు.

లైటర్ దేవుడి గూట్లో పెట్టాను. ఈ వానలకి అగ్గిపెట్టెలు చెమ్మెక్కి చస్తున్నాయి, దీపం దాంతోనే ముట్టిస్తున్నా. గ్యాస్ ఇంకా సగం ఉంది.

అమ్మ