దీపావళి నాడు డ్యూటీలో ఉండే నాన్న

అయ్యా,

ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బందిని తలచుకునే వారం. బడిపిల్లలకు మంటలార్పి చూపిస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. నాకు మాత్రం మా నాన్న గుర్తొస్తారు.

పదిహేనేళ్లు సైన్యంలో చేసి పింఛనుతో వచ్చిన ఆయన, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఫైర్ సర్వీసులో చేరారు. గుంటూరు కదా, మిర్చి నిప్పు తప్పదు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అంటుకుంటే పైన మంట ఆరినా లోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. ఆ ఘాటు చొక్కాకు పట్టి ఇంటిదాకా వచ్చేది. అమ్మ గుమ్మం బయటే బకెట్లో నీళ్లు పెట్టి ఉంచేది. ఒళ్లు కడుక్కున్నాకే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవారు. రాత్రంతా దగ్గి, పొద్దున్నే లేచి చెల్లికి జడ వేసేవారు. పటాలంలో తాడు ముడులు నేర్చిన చెయ్యి మరి, ఆ జడ సాయంత్రం దాకా ఊడితే ఒట్టు!

దీపావళి ఒక్కసారి కూడా ఆయనతో చేసుకోలేదు. ఊరంతా టపాసులు కాల్చే రాత్రే ఆయనకు పని.

ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. రిటైరైన ఫైర్ సిబ్బందికి ఏటా ఊపిరితిత్తుల పరీక్ష ఉచితంగా చేయించమని అధికారులను కోరుతున్నాను. ఇక పట్నంబజారు లాంటి ఇరుకు వీధుల్లో బండ్లు అడ్డంగా పెట్టేవారికి ఒక మాట: నాన్న మంటను ఎప్పుడూ తిట్టలేదు, మీ స్కూటర్లనే తిట్టేవారు.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు