భయం లేకపోవడమే ధైర్యమా?

సంపాదకుల వారికి,

ధైర్యం గురించి ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. భయమంటే ఏమిటో తెలియనివాడే ధీరుడని ప్రాచీన గ్రీకులు నమ్మారని అందులో రాశారు. వాళ్ల సైనికుల మాటేమో గానీ, తత్వవేత్తలు మాత్రం అలా అనుకోలేదు.

ప్లేటో రాసిన 'లాకెస్' సంభాషణలో సోక్రటీస్ ఇద్దరు ఏథెన్స్ సేనానులను ఇదే ప్రశ్న అడుగుతాడు. తన వరుసలోంచి కదలకుండా పోరాడేవాడే ధైర్యవంతుడంటాడు లాకెస్. మరి పర్షియన్లతో జరిగిన ప్లాటియా యుద్ధంలో స్పార్టన్లు వెనక్కి తగ్గి, శత్రువు వరుసలు చెదిరాక తిరగబడి గెలిచారే, వాళ్ల సంగతేమిటని సోక్రటీస్ అడ్డుతగులుతాడు. ఆ మాట అనే అర్హత ఆయనకుంది. క్రీ.పూ. 424లో డీలియం దగ్గర యుద్ధంలో ఓడిన ఏథెన్స్ సేన పారిపోతుంటే, ఆయనెంత నిబ్బరంగా వెనక్కి నడిచాడో లాకెస్ కళ్లారా చూశాడు.

దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలియడమే ధైర్యమని రెండో సేనాని నికియాస్ అంటాడు. సోక్రటీస్ దాన్నీ నిలవనివ్వడు. జవాబు దొరక్కుండానే సంభాషణ ముగుస్తుంది. తమాషా ఏమిటంటే, ఈ నికియాసే క్రీ.పూ. 413లో సిసిలీలో చంద్రగ్రహణం చూసి జంకి, సైన్యాన్ని వెనక్కి మళ్లించడం వాయిదా వేశాడు. సైన్యమూ పోయింది, ఆయన ప్రాణమూ పోయింది.

ఇక అరిస్టాటిల్ దృష్టిలో ధైర్యం పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ఉంటుంది. భూకంపానికి గానీ, సముద్రపు అలలకు గానీ భయపడనివాణ్ని ఆయన ధీరుడనలేదు. పిచ్చివాడో, నొప్పి తెలియనివాడో అయి ఉండాలన్నాడు. వ్యాసకర్త ఈ ఒక్క ముక్క చూసి ఉంటే ఆ వాక్యం రాసేవారు కాదేమో!

— ఒక రిటైర్డ్ లెక్చరర్, రాజమండ్రి