ఒక్క వాండర్‌బిల్ట్ మ్యాచ్‌కే డిబోర్‌ని ఇంటికి పంపమంటారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది హనుమకొండ, ఇప్పుడు ఉండేది అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్. ఊర్లో అమ్మానాన్నల ఇంటికి మీ పేపరే వస్తది, ఇక్కడ నేను ఫోన్‌లో ఈ-పేపర్ చూస్తా, ముందు స్పోర్ట్స్ పేజీ తర్వాతే మిగతావి. మీ ఎన్నారై పేజీ చదివే మనవాళ్ళు ఈ రాష్ట్రంలో చాలామందే ఉన్నారు, టస్కలూసాలో చదువుకునే పిల్లలు, హంట్స్‌విల్‌లో జాబ్స్ చేసేవాళ్ళు, అందరూ ఈ వారం ఒక్కటే మాట మీద కొట్టుకుంటున్నారు, అందుకే ఈ లెటర్. కొంచెం పెద్దదే అయింది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

విషయం అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్, దాని కొత్త కోచ్ కేలన్ డిబోర్‌ని ఉంచాలా పంపాలా అనేది. ఫుట్‌బాల్ అనగానే మన హైదరాబాద్ పెద్దవాళ్ళకి కోచ్ రహీం సాబ్, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ గుర్తొస్తాయి, ఇది ఆ ఆట కాదు, కోలగా ఉండే బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు, పోలేకపోతే బాల్ అవతలి వాళ్ళకి పోతది. ఈ రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ టీమ్ లేదు కాబట్టి జనం ప్రాణం అంతా కాలేజీ టీమ్‌ల మీదే ఉంటది. లక్ష మంది పట్టే స్టేడియం అంటే నమ్ముతారా, అది కూడా ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో.

మొన్న 2024 అక్టోబర్ 5 శనివారం ఇక్కడ మనవాళ్ళం బతుకమ్మ పెట్టుకున్నాం. ఒక స్కూల్ జిమ్ అద్దెకు తీసుకున్నాం, గునుగు పువ్వు ఇక్కడ దొరకదు, బంతి చామంతితోనే ఆడవాళ్ళు నిలువెత్తు పేర్చారు, మధ్యలో పెట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. మ్యాచ్ మూడుంపావుకే మొదలైపోయింది. గోడ పక్కన మడత కుర్చీలు వేసుకుని పదిహేను మందిమి ఒక ఐప్యాడ్ చుట్టూ కూర్చున్నాం, దాన్ని పులిహోర అల్యూమినియం ట్రేకి ఆనించి పెట్టాం, ఎవరైనా పులిహోర కోసం వస్తే ట్రే కదిలి ఐప్యాడ్ పడిపోయేది, మళ్ళీ నిలబెట్టేది. అలబామా అప్పుడు దేశంలో నంబర్ వన్. అవతల నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్, మూడు వారాల కింద జార్జియా స్టేట్ చేతిలో కూడా ఓడిన టీమ్, అలబామా మీద 1984 తర్వాత గెలిచిందే లేదు, టాప్ 5లో ఉన్న టీమ్‌ని తన చరిత్రలో ఒక్కసారి కూడా కొట్టలేదు. అట్లాంటి టీమ్ 40-35తో కొట్టింది. చివర్లో స్కోర్ 40-35 అయ్యాక బాల్ మనకి మళ్ళీ రానేలేదు, వాళ్ళే పట్టుకుని టైమ్ అయిపోగొట్టారు. వాళ్ళ ఫ్యాన్స్ గ్రౌండ్‌లోకి దూకి గోల్‌పోస్ట్ పీకి, మనం వినాయకుణ్ణి ట్యాంక్‌బండ్‌కి తీసుకుపోయినట్టు ఊరేగింపుగా మోసుకుపోయి కంబర్లాండ్ నదిలో వేశారు. అది చూస్తూ మేం పదిహేను మందిమి మాట్లాడలేదు, అవతల పాట మాత్రం ఆగలేదు.

తర్వాత ప్లేట్లు పట్టుకున్నాక మొదలైంది అసలు గొడవ.

ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న ఒక అన్న, సీజన్ టికెట్లు ఉన్న మనిషి, "ఈ డిబోర్‌తో కాదు తమ్మీ, ఇప్పుడే పంపిస్తే మంచిది, ఈయన సౌత్ మనిషి కాదు, ఈడి ఆట ఈయనకి తెలవదు" అన్నాడు. రెండేళ్ళ కింద ఎమ్మెస్‌కి వచ్చిన తమ్ముడు ఒకతను "అన్నా, సేబన్ ఉంటే ఇట్ల అయ్యేదా?" అన్నాడు, సేబన్ అంటే డిబోర్‌కి ముందున్న కోచ్, తమ్ముడి గొంతులో నిజంగా బాధ ఉంది. నేను ఆ తమ్ముడికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయా, చుట్టూ నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇప్పుడు చెప్తున్నా. సేబన్ ఉన్నప్పుడు కూడా ఇట్లా అయింది తమ్ముడూ, ఇంతకంటే ఘోరంగా అయింది, నేను అక్కడే ఉన్నా.

నిక్ సేబన్ కోచ్‌గా వచ్చింది 2007లో, నేను టస్కలూసాలో ఎమ్మెస్‌లో చేరింది కూడా ఆ ఏడు ఫాల్‌లోనే. నవంబర్ 17, లూయిజియానా-మన్రో అనే చిన్న యూనివర్సిటీతో మన గ్రౌండ్‌లోనే మ్యాచ్, స్టూడెంట్ టికెట్ మీద ముగ్గురు రూమ్మేట్లం పోయాం, నాకప్పటికి ఆట రూల్స్ కూడా సగమే తెలుసు. 21-14తో ఓడిపోయాం. అప్పట్లో 92 వేల మంది పట్టే స్టేడియం అది, దిగి వస్తుంటే ర్యాంపుల మీద వేల మంది నడుస్తున్నారు గానీ చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. నా ముందు ఒక పెద్దాయన, మనవణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు, ఆ పిల్లాడు "మనం ఓడిపోయామా" అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. ఆ రెగ్యులర్ సీజన్‌లో చివరి నాలుగు మ్యాచ్‌లు వరుసగా ఓడారు, ఇదే రాష్ట్రంలోని పెద్ద ప్రత్యర్థి ఆబర్న్ మీద కూడా, మొత్తం మీద 7 గెలుపులు 6 ఓటములు. అప్పుడు కూడా ఇవే మాటలు, 8 ఏళ్ళకి 3 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చి తెచ్చుకుంది దీనికేనా అని. మరుసటి ఏడు 12 గెలుపులు 2 ఓటములు, ఆ పై ఏడు 14-0తో నేషనల్ ఛాంపియన్. ఆయన ఉన్న 17 సీజన్లలో మొత్తం 6 టైటిళ్ళు. అందులో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచినవి 2009, 2020 రెండే. మిగతా నాలుగు సార్లు, 2011, 2012, 2015, 2017, ఎక్కడో ఒకచోట ఓడే గెలిచారు.

ఆ తమ్ముడు వచ్చేసరికి సేబన్ అప్పటికే అన్నీ గెలిచేసి ఉన్నాడు, కాబట్టి అతనికి పూర్తయిన గుడే కనపడుతుంది, పునాది తవ్వేటప్పటి మట్టి చూడలేదు. అతని తప్పు కాదు.

కొత్త కోచ్ కేలన్ డిబోర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "ఎవరో ఎక్కడి నుంచో వచ్చాడు" అనే మాట ఎక్కువ వినపడుతుంది. సౌత్ డకోటా మనిషి. సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో ఆడాడు, అక్కడే కోచ్ అయ్యి 67 గెలిచి 3 మాత్రమే ఓడాడు, వాళ్ళ స్థాయిలో మూడు జాతీయ టైటిళ్ళు. తర్వాత ఫ్రెస్నో స్టేట్, తర్వాత వాషింగ్టన్, అక్కడ రెండేళ్ళలో 25-3, 2024 జనవరిలో ఫైనల్ దాకా తీసుకుపోయి మిషిగన్ చేతిలో ఓడాడు. అదే మిషిగన్ చేతిలో దానికి వారం ముందు రోజ్ బౌల్ అనే సెమీఫైనల్‌లో మన సేబన్ చివరి మ్యాచ్ ఓడింది. జనవరి 10న సేబన్ రిటైర్ అన్నాడు, 12 కల్లా డిబోర్ వచ్చేశాడు. అప్పటికి హెడ్ కోచ్‌గా ఆయన లెక్క 104 గెలుపులు, 12 ఓటములు. ఆ రెండు రోజుల్లో ఇల్లు మారడమే కష్టం, ఈయన టీమ్ మారాడు.

ఇంకోటి మన గొడవలో ఎవరూ ఎత్తలేదు. 2024 జనవరిలో ఉన్న రూల్ ఏంటంటే హెడ్ కోచ్ వెళ్ళిపోతే ప్లేయర్లకి 30 రోజులు టైమ్ ఉండేది, ఇష్టమైన యూనివర్సిటీకి మారిపోవచ్చు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. డిఫెన్స్‌కి గుండె లాంటి కేలబ్ డౌన్స్ ఒహాయో స్టేట్‌కి పోయాడు, పాస్‌లు అందుకునే రిసీవర్ ఐజయా బాండ్ టెక్సస్‌కి పోయాడు. వెనక డిఫెన్స్‌లో మొన్నటిదాకా హైస్కూల్లో ఉన్న పిల్లలు ఆడుతున్నారు. అదే పోర్టల్ వాండర్‌బిల్ట్‌కి మేలు చేసింది, మనల్ని అంత ఏడిపించిన వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బాల్ విసిరి ఆట నడిపించేవాడు, డియేగో పావియా న్యూ మెక్సికో స్టేట్ నుంచి వచ్చినవాడే. సేబన్ 2007లో ఈ తలనొప్పి పడలేదు.

అట్లాగని డిబోర్‌ది ఏ తప్పూ లేదని నేను అనను. ఆ అన్న చెప్పినదాంట్లో ఒకటి నిజం, డిఫెన్స్ బాగాలేదు. సెప్టెంబర్ 28న జార్జియా మ్యాచ్ చూడండి, 28-0తో మొదలుపెట్టాం, హాఫ్ టైమ్‌కి 30-7, గెలిచాంలే అనుకుని మా ఇంట్లో టీ పెట్టడానికి లేచాను కూడా, తర్వాత చూస్తే 34-33తో వెనకబడ్డాం. ఆ వెంటనే మొదటి ప్లేలోనే మన క్వార్టర్‌బ్యాక్ మిల్రో వేసిన బాల్‌ని 17 ఏళ్ళ రయన్ విలియమ్స్ అందుకుని, ఇద్దరి మధ్య గిర్రున తిరిగి 75 గజాల టచ్‌డౌన్ చేశాడు, అంటే బాల్‌ని అవతలి చివరి గీత దాటించాడు, అంతే మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్ వాళ్ళు పైకప్పు తట్టారు. 41-34తో గెలిచాం కాబట్టి సెకండ్ హాఫ్‌లో 27 పాయింట్లు ఇచ్చుకున్న సంగతి అందరం మర్చిపోయాం. అది మర్చిపోయి ఉండకపోతే వాండర్‌బిల్ట్ మ్యాచ్ అంత షాక్ అయ్యేది కాదు. 60 నిమిషాల ఆటలో వాళ్ళు 42 నిమిషాలు బాల్ తమ దగ్గరే పెట్టుకున్నారు. మూడో డౌన్ 18 సార్లు వస్తే 12 సార్లు కావాల్సిన పది గజాలు పూర్తి చేసేశారు. మిల్రో మంచిగనే ఆడాడు, ఒక పాస్ చేతికి తగిలి గాల్లోకి లేచి వాళ్ళకి టచ్‌డౌన్ అయింది గానీ, అసలు బాల్ చేతికే రాకపోతే మనవాళ్ళు ఏం చేస్తారు? కాబట్టి కొట్లాడాల్సింది దీని మీద, మూడో డౌన్ మీద డిఫెన్స్‌ని ఎట్లా ఆపిస్తాడు అనే దాని మీద. ఈయన సౌత్ మనిషా నార్త్ మనిషా, సైడ్‌లైన్‌లో అరుస్తాడా అరవడా అనేది మూడో డౌన్‌కి సంబంధం లేని ముచ్చట.

ఇక ఓపిక లేకపోతే ఏమైతదో ఈ యూనివర్సిటీ ఒకసారి చూసింది, మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గరైన ఒక లోకల్ ఆయన నాకు ఇదంతా లంచ్‌లో చెప్పేవాడు. గళ్ళ టోపీ పెట్టుకునే బేర్ బ్రయంట్ 25 ఏళ్ళు కోచ్‌గా ఉండి 6 టైటిళ్ళు గెలిచి 1982 సీజన్‌తో దిగిపోయాడు, నెల తిరగకముందే చనిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన రే పర్కిన్స్ రెండో ఏడు, అంటే 1984లో, 5-6. వాండర్‌బిల్ట్ మనల్ని కిందటిసారి కొట్టింది ఆ ఏడే! పెద్ద మనిషి దిగిపోయాక ఇట్లాంటి దెబ్బ ఇది రెండోసారన్నమాట. ఆ తర్వాత బిల్ కరీ వచ్చాడు, 1988లో ఒక మ్యాచ్ ఓడితే ఎవడో ఆయన ఆఫీసు కిటికీలోంచి ఇటుక విసిరాడు. 1989లో 10 గెలిచి 2 ఓడినా, ఆబర్న్ మీద మూడేళ్ళూ ఓడాడని మనసు విరిగి కెంటకీకి వెళ్ళిపోయాడు. తర్వాత జీన్ స్టాలింగ్స్, మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడాడు, ఆయన్ని ఉండనిచ్చారు, రెండేళ్ళకి 1992లో 13-0తో టైటిల్ తెచ్చాడు. ఆయన దిగిపోయాక 1997 నుంచి 2006 దాకా నలుగుర్ని మార్చారు, అందులో ఒకాయన ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే పోయాడు. పదేళ్ళు అట్లా గడిచిపోయాయి. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆ పెద్దాయన ముఖం చూడాలి, సొంత ఇంట్లో జరిగినట్టు చెప్తాడు.

ఈ ఏడు, 2024 నుంచి, నేషనల్ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ కూడా 12 టీమ్‌లది అయింది, నిన్నటిదాకా నాలుగే. ఒక్క ఓటమితో తలుపు మూసుకుపోదు. ఇంకా సౌత్ కరోలినా, టెనసీ, మిజోరీ, ఎల్‌ఎస్‌యూ, మర్సర్, ఓక్లహోమా, ఆబర్న్ ఉన్నాయి. నాకైతే టెనసీలో 19న జరిగే మ్యాచ్ భయంగా ఉంది, ఇట్లాగే ఆడితే అక్కడ నిలబడలేం. ఇంకో రెండు ఓడినా ఓడొచ్చు, అప్పుడు ఇప్పటికంటే గట్టిగా అరుస్తారు, అప్పుడు కూడా నేను ఇదే మాట మీద ఉంటా, కనీసం మూడు సీజన్లు, ఆయన సొంతంగా తెచ్చుకున్న పిల్లలు మూడో ఏడుకి వచ్చేదాకా ఆగాలి. ఏడాదికి కోటి డాలర్లు ఇస్తున్నారు కదా అని ఆ అన్న అంటాడు, ఇస్తున్నారు నిజమే, అవి మొదటి ఐదు మ్యాచ్‌లకి ఇచ్చినవి కావు, 8 ఏళ్ళ కాంట్రాక్ట్.

ఒక రిక్వెస్ట్. ఏటా వేల మంది మన పిల్లలు ఈ దేశంలో యూనివర్సిటీలకి వస్తున్నారు, మొదటి శనివారమే క్యాంపస్ అంతా ఒకే రంగు బట్టల్లో కనపడితే ఏం జరుగుతుందో అర్థం కాక రూమ్‌లోనే ఉండిపోతారు, నేనూ మొదట్లో అట్లాగే ఉన్నా. మీ స్పోర్ట్స్ పేజీలో వారానికి పావు పేజీ ఈ కాలేజీ ఆటకి ఇస్తే, డౌన్లు ఏంటి, పోర్టల్ ఏంటి, ప్లేఆఫ్ ఏంటి అని తెలుగులో రాస్తే వాళ్ళకి ఎంతో పనికొస్తది, టైల్‌గేట్ దగ్గర, అంటే మ్యాచ్ ముందు స్టేడియం బయట అందరూ కలిసి తినే చోట, పక్కవాళ్ళతో కలవడానికి ఒక మాట దొరుకుతది.

ఈ శనివారం 12న దసరా, అదే రోజు పొద్దున 11 గంటలకి టస్కలూసాలో సౌత్ కరోలినాతో మ్యాచ్. మా బాబుకి తొమ్మిదేళ్ళు, మొదటిసారి స్టేడియంకి తీసుకుపోతున్నా, బతుకమ్మ దగ్గర మాట్లాడిన ఆ తమ్ముణ్ణి కూడా మాతోనే రమ్మన్నా. అవతలి వాళ్ళ మూడో డౌన్లు ఎన్ని, మనవాళ్ళు ఎన్ని ఆపారు అని కాయితం మీద గీతలు పెట్టే పని బాబుకి అప్పజెప్పా, పెన్సిల్ కూడా వాడే చెక్కి పెట్టుకున్నాడు. సాయంత్రం తిరిగొచ్చి జమ్మి పెట్టుకోవడానికి ఆ అన్న ఇంటికి పోతాం, ఆ కాయితం జేబులో పెట్టుకునే పోతా.

ఇట్లు
హనుమకొండ నుంచి వచ్చిన మీ పాఠకుడు,
బర్మింగ్‌హామ్, అలబామా