పరిస్థితిని బట్టి మారితే సాపేక్షమేనా?

సంపాదకులకు,

నీతి దేశకాలాలను బట్టి మారుతుందనేవారికీ, దైవశాసనం ఒక్కటే, అది మారదనేవారికీ మధ్య మీ పత్రికలో నడుస్తున్న వాదంలో ‘సాపేక్షం’ అన్న మాట రెండర్థాల మధ్య నలుగుతోంది. ‘ఆపదలో అబద్ధమాడొచ్చు’ అనగానే ‘చూశారా, నీతి సాపేక్షమే’ అని ఒకరు, ‘అది ఒప్పుకుంటే ఇక ధర్మమెక్కడ’ అని మరొకరు. ఇద్దరూ జారుతున్నది ఒకే మెట్టు మీద.

పరిస్థితిని బట్టి చేయాల్సిన పని మారడం వేరు. సమాజం ఒప్పుకుంది కాబట్టే ఒక పని మంచిదైపోవడం వేరు. రెండోదే సాపేక్షవాదం. మొదటిదాన్ని మతాలు ఎప్పుడో లెక్కలోకి తీసుకున్నాయి. దొంగల బారినుంచి పారిపోయి అడవిలో దాక్కున్నవాళ్ల జాడ, సత్యవ్రతం పేరుతో ఆ దొంగలకే చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడని కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. గత్యంతరం లేక నిషిద్ధాహారం తింటే పాపం లేదని ఖురాన్ రెండో సూరా 173వ ఆయతు. యూదు ధర్మశాస్త్రం ఇంకా కచ్చితంగా గీత గీసింది: ప్రాణం కాపాడటానికి సబ్బాతును (పని చేయకూడని వారపు పవిత్ర దినాన్ని) మీరవచ్చు, మీరాలి కూడా, విగ్రహారాధన, అక్రమ సంబంధం, హత్య మాత్రం ప్రాణం పోతున్నా చేయరాదు. ఇవి శాసనానికి పడ్డ చిల్లులు కావు, శాసనంలోని భాగాలే. ఆ స్థితిలో ఎవరున్నా ఒకేలా వర్తిస్తాయి. (చంపడానికి వచ్చినవాడితోనూ అబద్ధమాడరాదని 1797లో పట్టుబట్టిన జర్మన్ తత్వవేత్త కాంట్ ఆ వాదాన్ని నిలబెట్టింది మతగ్రంథం మీద కాదు, బుద్ధి మీద.)

కాబట్టి ఎవరైనా మినహాయింపు చూపితే ఇలా అడగండి: మీ సమాజమంతా కాదన్నా అది సరైనదేనా? అవునంటే ఆ మనిషి సాపేక్షవాది కాదు.

ఇక అసలు సాపేక్షవాదం. ‘ఎవరి నీతి వారిది, అందుకని అందరినీ సహించాలి’ అంటారు. ఆ ‘సహించాలి’ ఎవరి నీతి? అసహనాన్నే విలువగా పెట్టుకున్న సమాజంలో సహనమే తప్పవుతుంది. విలువలు ఆయా సంస్కృతులకు సాపేక్షమంటూ 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘానికి ప్రకటన పంపిన అమెరికా మానవశాస్త్ర సంఘమే, 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ మరో ప్రకటన చేయాల్సి వచ్చింది. పైగా ‘సమాజం’ అంటే ఏది? ఊరా, మతమా, దేశమా? ఒకే మనిషి మూడింటిలోనూ ఉంటాడు, మూడూ మూడు రకాలుగా చెబుతాయి.

విశ్వాసుల పక్షాన ఉన్న చిక్కు వేరు. శాసనం మారనిదే అనుకుందాం, దాన్ని మనం చదివే చదువు మారదా? బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగవుతో 1845లో అమెరికా బాప్టిస్టులు (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) ఉత్తరాది, దక్షిణాదిగా విడిపోయారు. ఇరుపక్షాల చేతుల్లోనూ ఒకే బైబిల్. యజమానుల పక్షం వహించిన దక్షిణాది బాప్టిస్టు సమాఖ్య క్షమాపణ చెప్పింది 1995లో. ఈ 150 ఏళ్లలో బైబిల్లో ఒక్క వచనమూ మారలేదు.

ఇకపై నీతి ‘నిరపేక్షం’ (సాపేక్షం కానిది) అని రాసేవారు మూడింటిలో ఏ అర్థంలో రాస్తున్నారో చెబితే బాగుంటుంది: అందరికీ వర్తిస్తుందనా, మినహాయింపు లేదనా, దేవుడిచ్చాడనా? మొదటిది ఒప్పుకుని తక్కిన రెండూ కాదనేవారు తక్కువేమీ కాదు. ఇప్పటి వాదంలో వారికి కూర్చోను చోటే లేదు.

ఇట్లు,
ఒక తత్వశాస్త్ర అధ్యాపకుడు